పొద్దుండగానే పడక: ఆస్ట్రేలియా ఎర్ర ఎడారిలో గ్రూప్ టూర్ క్యాంపింగ్‌కి పూర్తి మార్గదర్శి

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలో శనగ చేను కావలికి పోయే రోజుల్లో నాకు చెప్పిన మాట ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "పొద్దుండగానే పడక చూసుకోరా. చీకట్లో చేసే పని దేనికీ కొరగాదు." రెండేళ్ల కిందట ఆయన్ని మెల్‌బోర్న్ నుంచి ఆస్ట్రేలియా ఎర్ర ఎడారి నడుమ ఉన్న పెద్ద రాతికొండ ఉలురుకి తీసుకెళ్లాను. మూడు పగళ్లు, రెండు రాత్రులు, పద్దెనిమిది మంది, ఒక బస్సు. టెంట్లు లేవు, ఆకాశం కిందే నేల మీద పడక. ఆ రెండు రాత్రులూ హాయిగా గడిచాయంటే ఆ మాట పాటించడం వల్లే. అంతకు నాలుగేళ్ల ముందు ఒక్కడినే వెళ్లినప్పుడు అది మర్చిపోయి మొదటి రాత్రంతా వణికాను. ఈ రెండు ప్రయాణాల్లో తెలిసినదంతా వరసగా రాస్తున్నాను. ఆస్ట్రేలియాలో చదువుకునే పిల్లలకీ, వాళ్లని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకీ ఇది పనికిరావాలని నా కోరిక.

సొంతంగా కారులో వెళ్లకూడదా?

వెళ్లొచ్చు. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకి గ్రూప్ టూరే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎడారి మధ్యలో ఉన్న ఊరు ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఉలురుకి రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. స్టువర్ట్ హైవే మీద దక్షిణానికి 200 కిలోమీటర్లు వెళ్లాక ఎర్ల్‌డండా దగ్గర పడమటికి తిరగాలి. దారిలో పెట్రోలు, టీ దొరికే రోడ్‌హౌస్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలాదూరం ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. పొద్దుగూకాక కంగారూలు, పశువులు, ఒంటెలు రోడ్డు మీదకి వచ్చేస్తాయి. ఈ ఒంటెలు అక్కడ పుట్టిన జాతి కాదు. పందొమ్మిదో శతాబ్దంలో సరుకులు మోయించడానికి ఓడల్లో తెచ్చారు. వాటిని నడిపించడానికి వచ్చినవాళ్లని అక్కడ 'అఫ్గాన్లు' అన్నారు గానీ, వాళ్లలో అప్పటి ఉమ్మడి హిందుస్థాన్ మనుషులు కూడా చాలామంది ఉన్నారు. ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా నడిచే 'ఘాన్' రైలుకి పేరు వాళ్ల వల్లే వచ్చింది.

గ్రూప్ టూర్‌లో డ్రైవరే గైడు, గైడే వంటమనిషి, ఆపద వస్తే శాటిలైట్ ఫోన్ పట్టుకునేదీ ఆ మనిషే.

మొదటి అడుగు: నెల చూసుకోండి, తర్వాత తిథి చూసుకోండి

అక్కడ ఋతువులు మనకి తలకిందులు. మన ఎండాకాలం సెలవులు అయ్యేసరికి అక్కడ చలికాలం మొదలవుతుంది. మే నుంచి ఆగస్టు దాకా వెళ్లడమే మేలు. జులైలో పగలు 20 డిగ్రీల చుట్టూ ఉండి నడవడానికి హాయిగా ఉంటుంది. రాత్రి మాత్రం నాలుగైదు డిగ్రీలకి దిగిపోతుంది, కొన్ని రాత్రులు సున్నా కంటే కిందకి కూడా. డిసెంబరు, జనవరిల్లో పగలు 40 దాటే రోజులుంటాయి. ఆ వేడిలో ఈగలు కూడా మొహం వదలవు. కంటి చెమ్మ కోసం, పెదాల తడి కోసం వచ్చి వాలతాయి. అప్పుడే వెళ్లాల్సివస్తే టోపీ మీద నుంచి మెడ దాకా వేసుకునే దోమతెర లాంటి వల ఒకటి కొనుక్కోండి, ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఎక్కడైనా దొరుకుతుంది.

నెల తేలాక పంచాంగం తీయండి. నక్షత్రాలు చూడాలంటే అమావాస్యకి అటూ ఇటూ రెండు మూడు రోజుల్లో బుక్ చేసుకోండి. మన ఆషాఢ బహుళ అమావాస్యని చుక్కల అమావాస్య అంటాం కదా, అది జులై, ఆగస్టుల్లోనే వస్తుంది. నాన్నగారిని తీసుకెళ్లింది ఆ వారంలోనే. పున్నమికి వెళ్తే ఎర్రమట్టి మీద వెన్నెల బావుంటుంది గానీ చుక్కలు సగం కూడా కనబడవు.

రెండో అడుగు: డబ్బు కట్టేముందు అడగాల్సినవి

టూర్లు ఆలిస్ స్ప్రింగ్స్ నుంచీ బయల్దేరతాయి, ఉలురు పక్కన ఉన్న యులారా నుంచీ బయల్దేరతాయి. సిడ్నీ నుంచి యులారా ఎయిర్‌పోర్టుకి విమానంలో మూడున్నర గంటలు. రోడ్డు కూడా చూడాలనుకుంటే ఆలిస్ స్ప్రింగ్స్ నుంచే ఎక్కండి.

పడక ఎక్కడ అన్నది ముందు అడగండి. 'క్యాంపింగ్' అన్న ఒక్క మాట కింద మంచాలున్న పెద్ద టెంట్ నుంచి వట్టి నేల మీద పరిచే కాన్వాస్ పడక, అంటే స్వాగ్ దాకా అన్నీ వస్తాయి. స్లీపింగ్ బ్యాగ్ ధరలో కలిసి ఉందో, అద్దెకి విడిగా తీసుకోవాలో తేల్చుకోండి. నా మొదటి ప్రయాణంలో ఆ కంపెనీ వాళ్లు పడక ఇస్తామన్నారు, స్లీపింగ్ బ్యాగ్ విడిగా అని చిన్న అక్షరాల్లో రాశారు. నేను చదవలేదు. బస్సు ఎక్కేటప్పుడు అద్దెకి ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు, రెండు దుప్పట్లు ఇచ్చి సరిపెట్టారు. అవి ఏ మూలకీ చాలలేదు.

ఉలురు పార్కు ప్రవేశ రుసుము కలిసిందో లేదో కూడా అడగండి. నేను వెళ్లినప్పుడు పెద్దవాళ్లకి మూడు రోజుల పాస్ 38 డాలర్లు. పార్కు లోపల రాత్రి ఉండనివ్వరు, క్యాంపులన్నీ బయటే. రోజుకి ఎన్ని కిలోమీటర్ల నడక, నడవలేనివాళ్లు ఆగిపోతే ఎక్కడ కూర్చోవాలి అన్నది పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తప్పకుండా అడగాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉందని నేను ముందే చెప్పాను. కింగ్స్ కేన్యన్ అనే లోయలో మేమంతా పైకి ఎక్కుతుంటే ఆయన్ని కింద వాగు వెంట ఉన్న చదును దారిలో నడవమని గైడ్ ముందే ఏర్పాటు చేసింది.

మూడో అడుగు: సంచి

పెద్ద సూట్‌కేసులు బస్సు ఎక్కనివ్వరు. దిగిన హోటల్లోనో హాస్టల్లోనో వదిలేసి, మెత్తటి సంచి ఒక్కటే తీసుకెళ్లాలి. అందులో ఏం ఉండాలంటే:

- ఒంటికి అతుక్కునే థర్మల్ బనీను, ప్యాంటు ఒక జత. ఇవి పడుకోవడానికే, పగలు వేసుకోకండి.
- ఉన్ని స్వెటర్, గాలి ఆపే జాకెట్, మందపాటి సాక్సులు రెండు జతలు.
- మంకీ క్యాప్. మనవాళ్లు ఊటీ పోతే పెట్టుకునేదే. నేల మీద పడుకున్నప్పుడు చలంతా నెత్తికే తగులుతుంది కాబట్టి దీన్ని మించింది లేదు.
- తలకి కట్టుకునే టార్చ్, ఎర్ర లైటు కూడా వచ్చేది.
- మొత్తం మూడు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు.
- పాతబడి కాలికి అలవాటైన బూట్లు. కొత్తవి వద్దు.
- అంచున్న టోపీ, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే వ్యాజిలైన్, ఎలక్ట్రాల్ పొట్లాలు, రోజూ వేసుకునే మందులు.
- పవర్ బ్యాంక్.

జీన్స్ ఒక్కటి మాత్రం వద్దు. రాత్రికి మంచుముక్కలా అయిపోతుంది.

నాలుగో అడుగు: తిండి

శాకాహారమైతే బుక్ చేసినప్పుడే చెప్పి, బస్సెక్కే రోజు గైడ్‌కి మళ్లీ గుర్తుచేయండి. దారి మధ్యలో కూరగాయలు కొనే కొట్టు ఉండదు కాబట్టి ఎక్కించిన సరుకే మూడు రోజులూ. మంట మీద ఒకే రేకు మీద కంగారూ మాంసం, కూరగాయలు కలిపి కాల్చేస్తారు. పట్టింపు ఉంటే మొహమాటపడకండి, విడిగా కాల్చమని మర్యాదగా అడిగితే చేస్తారు.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లు పచ్చళ్లూ పొడులూ తెస్తే ఎయిర్‌పోర్టు కార్డు మీద తప్పకుండా రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు. దాచిపెడితే భారీ జరిమానా. పాలు కలిసిన మిఠాయిలు, విత్తనాలు అసలు తేకపోవడమే మంచిది. మెల్‌బోర్న్, సిడ్నీల్లో మన కొట్లలో ఆవకాయ, కందిపొడి, నువ్వుల కారం అన్నీ దొరుకుతాయి. మేము చిన్న సీసా ఆవకాయ తీసుకెళ్లాం.

ఐదో అడుగు: దారిలో కట్టెలు

మధ్యాహ్నం ఎక్కడో బస్సు ఆపి "దిగండి, కట్టెలు ఏరాలి" అంటారు. పార్కు లోపల పుల్ల కూడా ముట్టుకోకూడదు కాబట్టి, అనుమతి ఉన్న చోట దారిలోనే ఏరుకుంటారు. అక్కడ ఎక్కువ దొరికేది మల్గా. మన తుమ్మ చెట్టుకి దగ్గర చుట్టం, అదే గట్టితనం, అదే నిలకడైన నిప్పు. చేతికి తొడుగులు వేసుకోండి. కట్టెని ముందు కాలితో దొర్లించి, కింద తేలు, జెర్రి ఏమీ లేవని చూశాకే ఎత్తండి. స్పినిఫెక్స్ గడ్డి దూరానికి మెత్తటి దిండులా కనబడుతుంది, పక్కకెళ్తే ప్రతి ఆకూ సూదే.

ఈ పనికి వంగనివాళ్లు ఒకరిద్దరు ప్రతి గుంపులోనూ ఉంటారు. అలా ఉండకండి. ఈ టూర్లు పెళ్లివారిల్లు లాంటివి, తలో చెయ్యీ వేస్తేనే అన్నం. కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం, బస్సు మీద సామాను ఎక్కించడం అన్నీ అందరివీ. మొదటి రోజే చేయి కలిపినవాళ్లకి రెండో రోజుకల్లా పద్దెనిమిది మందీ స్నేహితులవుతారు.

ఆరో అడుగు: పడక

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. జులై చివర్లో ఉలురు దగ్గర సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో పొద్దుగూకుతుంది. ఆ తర్వాత అరగంటలోనే చలి దిగుతుంది. క్యాంపుకి చేరగానే టీ కోసం కాకుండా పడక కోసం వెళ్లండి. సూర్యాస్తమయం చూడ్డానికి తీసుకెళ్తుంటే, వెళ్లేముందే ఈ పని అవుతుందా అని గైడ్‌ని అడగండి.

స్వాగ్ అంటే మందపాటి కాన్వాస్ బొంత. లోపల రెండు మూడు అంగుళాల స్పాంజి పరుపు, పైన మూసుకునే కాన్వాస్ రెక్క, పక్కన జిప్పు. స్లీపింగ్ బ్యాగ్ అందులో పెట్టుకుని మనం దూరాలి.

చోటు చూసుకోవడం ఇలా. పొడిగా ఉన్న వాగు మెత్తగా ఉంటుందని అందులో వేయకండి. ఎక్కడో కురిసిన వాన అక్కడికి నీరై రావచ్చు, పైగా చల్లగాలి పల్లానికే జారుతుంది. పెద్ద కొమ్మల కిందా వద్దు, విరిగిపడతాయి. మంటకి నాలుగైదు అంగల దూరం ఉండాలి, గాలి వీచే వైపు పడుకుంటే నిప్పురవ్వలు ఎగిరి కాన్వాస్ మీద పడతాయి. చోటు కుదిరాక బూటు పక్కతో నేలని దువ్వండి. పుల్లలు, ముళ్ల గింజలు, రాళ్లు పోతాయి, చీమల పుట్ట ఉంటే బయటపడుతుంది. రూపాయి బిళ్లంత రాయి ఉన్నా తెల్లారేసరికి నడుముకి తెలుస్తుంది. నాన్నగారు అలా దువ్వి, మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నేలంతా తడిమి చూశారు, చేలో పట్టా పరిచే ముందు చేసినట్టే. పక్కన ఉన్న జర్మనీ అమ్మాయి ఆయన్ని చూసి తన చోటు కూడా అలాగే తడుముకుంది.

తర్వాత స్వాగ్ విప్పి, తలవైపు కొంచెం ఎత్తు వచ్చేలా పరవండి. స్లీపింగ్ బ్యాగ్ పరిచి, రాత్రి బట్టలు, మంకీ క్యాప్, టార్చ్, నీళ్ల సీసా లోపలే పెట్టి జిప్పు మూసేయండి. పురుగులు దూరకుండా పడుకునే దాకా అది మూసే ఉండాలి. వేడినీళ్ల సంచి ఉంటే పడుకోబోయే ముందు కాళ్ల దగ్గర పెట్టుకోండి. లేకపోతే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి సాక్సు తొడిగినా అంతే హాయి.

పడుకునేటప్పుడు పగటి బట్టలన్నీ విప్పి పొడిగా ఉన్న థర్మల్స్ వేసుకోండి. పగటి చెమట ఆరినట్టే ఉంటుంది గానీ బట్టలో చెమ్మ ఉంటుంది, చలి పట్టేది దానివల్లే. మొహం బ్యాగ్ లోపలికి ముడుచుకోకండి, ఊపిరి తడికి లోపలంతా చెమ్మగిల్లుతుంది. ముక్కు బయట పెట్టి మంకీ క్యాప్ దించుకోండి. నా మొదటి రాత్రి జీన్స్‌తోనే దుప్పట్లో దూరి, రెండింటికి లేచి మంట పక్కన కూర్చుండిపోయాను. ఇవన్నీ ఆ రాత్రి నేర్పినవే.

ఏడో అడుగు: మంట చుట్టూ

అక్కడ చేసే రొట్టె పేరు డాంపర్. సోడా కలిసిన పిండి, ఉప్పు, నీళ్లు, అంతే. మందపాటి ఇనప కుండలో ముద్ద పెట్టి, మూత వేసి, కింద కొన్ని నిప్పులు, మూత మీద ఇంకొన్ని నిప్పులు పోస్తారు. మంట మీద పెడితే అడుగు మాడుతుంది, నిప్పుల మీద అయితే సమంగా ఉడుకుతుంది. అరగంటకి పైగా పడుతుంది. మూత తీసి వేళ్లతో తడితే బోలుగా డప్పులా మోగాలి. మోగితే అయినట్టు. వేడి డాంపర్ విరిచి, వెన్న రాసి, పైన ఆవకాయ గుజ్జు పూసి నాన్నగారు గైడ్ చేతిలో పెట్టారు. ఆమె తిని ఇంకో ముక్క అడిగింది. ఆ సీసా ఆ రాత్రే ఖాళీ అయింది.

ఎనిమిదో అడుగు: బూట్లు, టాయిలెట్, డింగోలు

డింగో అంటే అక్కడి అడవి కుక్క. బూటు ఎత్తుకుపోవడం దానికి అలవాటు. విప్పిన బూట్లు స్వాగ్ రెక్క కిందో, లోపల కాళ్ల దగ్గరో పెట్టుకోండి. బయట పెట్టాల్సివస్తే పొద్దున తలకిందులు చేసి దులపందే కాలు పెట్టకండి. తినే వస్తువు ఏదీ పడక దగ్గర ఉండకూడదు, బిస్కెట్ పాకెట్ కూడా బస్సులోనే పెట్టేయండి. డింగో కనబడితే తిండి వేయకండి, పరుగెత్తకండి. దానివైపే చూస్తూ నిలబడి, మెల్లగా వెనక్కి నడిచి మిగతావాళ్ల దగ్గరకి చేరండి. చిన్నపిల్లల్ని చేయి అందే దూరంలో ఉంచుకోండి.

టాయిలెట్ ఎక్కడుందో వెలుతురుండగానే నడిచి చూసి రండి. దారిలో తాడు, మేకు, గుంట ఏవి ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది. కొన్ని క్యాంపుల్లో టాయిలెట్ కూడా ఉండదు, చిన్న పార ఇస్తారు. నీళ్లున్న చోటికీ క్యాంపుకీ వంద మీటర్ల దూరం పోయి, జానెడు లోతు గుంట తీసి, పని అయ్యాక పూర్తిగా పూడ్చాలి. కాగితం వెనక్కి తెచ్చుకోవడానికి కవరు పట్టుకెళ్లండి. ఆడవాళ్లు ఈ విషయంలో టెన్షన్ పడటం సహజం. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం అక్కడ మామూలే.

తొమ్మిదో అడుగు: ఆకాశం

అన్ని టార్చ్‌లూ ఆర్పేయమని అడగండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చూసినా మళ్లీ మొదటికి వస్తుంది.

అక్కడ ధ్రువ నక్షత్రం ఉండదు, భూమి అంచు కిందకి పోతుంది. దక్షిణాన కనిపించే శిలువ ఆకారపు చుక్కలే మన పెద్దలు త్రిశంకు అన్నవి. జులై చివర్లో రాత్రి తొమ్మిదికి నైరుతి వైపు వాలి ఉంటాయి. దాని పక్కనే పాలపుంతలో నల్లటి మచ్చ ఒకటుంది. అక్కడి ఆదివాసులు చాలామంది చుక్కల్ని కాకుండా నలుపుని కలిపి బొమ్మ చూస్తారు. ఆ మచ్చ ఈము పక్షి తల, అక్కడి నుంచి మెడ, ఒళ్లు పాలపుంత పొడవునా సాగుతాయి. ఒకసారి చూశాక ఇక చూపు దానిమీదకే పోతుంది.

నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా పడుకుని, ఒక్కసారిగా అన్నారు: "ఒరేయ్, అది జ్యేష్ఠ కదరా! నడినెత్తిన ఉందేంట్రా?" నిజమే. మన ఊళ్లో దక్షిణాన సగం ఎత్తులో కనిపించే ఆ ఎర్రచుక్క, ఉలురు దగ్గర సరిగ్గా నెత్తి మీదకి వస్తుంది. భూగోళం మీద ఎంత కిందకి వచ్చామో ఆయనకి ఆ చుక్క వల్లే తెలిసింది.

పదో అడుగు: తెల్లవారుజామున నడక

ఐదింటికే లేపుతారు, ఎండాకాలంలో ఇంకా ముందే. ఉలురు చుట్టూ నడక పది కిలోమీటర్లకి కొంచెం పైన, మూడున్నర గంటలు. కింగ్స్ కేన్యన్ అంచు మీద నడక ఆరు కిలోమీటర్లు, మొదటి ఎక్కుడు మెట్లే కష్టం, తర్వాత చదునే. ఉలురు పార్కులోనే ఉన్న రాతి గుట్టల గుంపు కాటా ట్జూటాలో గాలుల లోయ నడక ఏడు కిలోమీటర్లకి పైన. 36 డిగ్రీలు దాటే రోజుల్లో కింగ్స్ కేన్యన్ అంచు దారినీ, గాలుల లోయ దారినీ మధ్యాహ్నం కాకముందే మూసేస్తారు. ఎండలో గంటకి లీటరు నీళ్లు లెక్క. దాహం వేసేదాకా ఆగకండి, గుక్క గుక్కగా తాగుతూ ఉండండి. తల తిరిగినా, చెమట ఆగిపోయినా వెంటనే నీడకి చేరి గైడ్‌కి చెప్పండి, ఓర్చుకోవద్దు.

పాము కరిస్తే కడగకూడదు, కోయకూడదు, గట్టిగా తాడు కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో మొత్తం వెడల్పాటి సాగే బ్యాండేజీతో బిగించి చుట్టి, కర్ర కట్టి, మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టాలి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 000. అంత మారుమూలకి డాక్టర్లు విమానంలోనే వస్తారు. 1928లో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు అదే. చలికాలంలో పాములు తక్కువే, అయినా నేను బ్యాండేజీ లేకుండా వెళ్లను.

ఉలురు ఎత్తు 348 మీటర్లు, చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు. ఆ నేల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలది. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం దాన్ని వాళ్లకి తిరిగి అప్పగించింది. సరిగ్గా 34 ఏళ్లకి, 2019లో అదే తేదీన రాయి ఎక్కడం ఆపేశారు. మనం తిరుమల కొండని ఎలా చూస్తామో వాళ్లకి అది అలాంటిది. కొన్ని చోట్ల ఫోటో తీయవద్దని బోర్డులుంటాయి, అక్కడ ఫోన్ జేబులో పెట్టేయండి. గుర్తుకోసం రాయి, గుప్పెడు ఎర్రమట్టి కూడా తీసుకోకండి. అలా పట్టుకెళ్లినవాళ్లు తర్వాత తప్పనిపించి పోస్టులో తిరిగి పంపుతున్నారని గైడ్ చెప్పింది.

చివరి పని: స్వాగ్ చుట్టడం

లేచిన వెంటనే చుట్టేయకండి. టీ తాగేలోపు రెక్క తెరిచి ఆరనివ్వండి. తర్వాత స్లీపింగ్ బ్యాగ్ తీసి దులిపి, కాళ్లవైపు నుంచి మోకాళ్లతో గాలి నొక్కుతూ బిగించి చుట్టి, పట్టీలు వేయండి. వదులుగా చుడితే బస్సు మీద పట్టదు, మళ్లీ విప్పిస్తారు. ఆఖరున టార్చ్ వేసి పడుకున్న చోటంతా ఒకసారి చూడండి. జర్మనీ అమ్మాయి కళ్లజోడు అలాగే దొరికింది, నాన్నగారు ఇసుకలో తడిమి తీశారు.